గడియారం చెరిపేసిన ఫొటోగ్రాఫర్: ఎడ్వర్డ్ కర్టిస్

ఎడ్వర్డ్ షెరిఫ్ కర్టిస్ అన్న పేరు మనలో చాలామంది విని ఉండరు. కానీ అమెరికా వచ్చి రెండు మూడేళ్ళయిన వాళ్ళు ఆయన తీసిన ఫొటో ఒక్కటైనా చూడకుండా ఉండటం కష్టం. నేషనల్ పార్కుల గిఫ్ట్ షాపుల్లో పోస్టుకార్డుల మీద, కేలండర్ల మీద, లావుపాటి పుస్తకాల అట్టల మీద గోధుమ రంగులో కనిపించే నేటివ్ అమెరికన్ల ఫొటోల్లో ఎక్కువ భాగం ఆయనవే. తల మీద ఈకలు, ముడతలు పడ్డ మొహం, ఎటో దూరంగా చూసే కళ్ళు. లేదంటే గుర్రాల మీద వరసగా చీకట్లోకి వెళ్ళిపోతున్న మనుషులు. మనల్ని కూడా ఇక్కడ ఇండియన్లనే అంటారు కాబట్టి, ఆ మొదటి ఇండియన్ల గురించి మన మనసులో ఉన్న బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం అవసరమనే నా అభిప్రాయం. ఆ బొమ్మలో ఎక్కువ భాగం కర్టిస్ గీసిపెట్టిందే.

గీసిపెట్టింది అని కావాలనే అంటున్నాను. ఆ ఫొటోలు చూస్తే ఉన్నదున్నట్టు తీసినట్టే ఉంటాయి. కానీ వాటిలో చాలా భాగం నిలబెట్టి, బట్టలు మార్పించి, సీను కట్టి తీసినవి. ఇందులో మోసం ఎంత, కళ ఎంత, ప్రేమ ఎంత అన్నది వందేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. నేనుండే సియాటిల్‌లోనే ఆయన జీవితం మలుపు తిరిగింది కాబట్టి నాకు ఈ కథ మీద కాస్త ఎక్కువ ఆసక్తి.

ఆరో తరగతితో ఆగిన చదువు

కర్టిస్ 1868లో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధంలో పనిచేసి, ఆరోగ్యం పాడై తిరిగొచ్చిన మనిషి. ఊళ్ళు తిరిగి మతప్రచారం చేసేవాడు. ఇంట్లో డబ్బు లేదు. ఆరో తరగతితోనే ఎడ్వర్డ్ చదువు ఆగిపోయింది. తండ్రి యుద్ధం నుంచి తెచ్చిన ఒక లెన్సు ఇంట్లో ఉండేది. దాంతో కుర్రవాడు సొంతంగా ఒక కెమెరా తయారు చేసుకున్నాడు. పదిహేడేళ్ళ వయసులో సెయింట్ పాల్ నగరంలో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర పనికి చేరాడు.

1887లో తండ్రీ కొడుకులు బతుకుతెరువు వెతుక్కుంటూ పసిఫిక్ తీరానికి, ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చారు. మరుసటి ఏడాది తల్లీ, మిగిలిన పిల్లలూ వచ్చి చేరిన కొద్ది రోజులకే తండ్రి న్యుమోనియాతో పోయాడు. ఇంటి బరువు ఇరవయ్యేళ్ళ ఎడ్వర్డ్ మీద పడింది. 1891లో అప్పు చేసి 150 డాలర్లు పెట్టి సియాటిల్‌లో ఒక ఫొటో స్టూడియోలో వాటా కొన్నాడు. 1892లో క్లారా ఫిలిప్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. కొద్ది ఏళ్ళలోనే ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఫొటో అంటే కర్టిస్ స్టూడియోకే వచ్చే స్థితికి చేరాడు.

ఆ రోజుల్లో సియాటిల్ సముద్రపు ఒడ్డున ఒక ముసలమ్మ ఆల్చిప్పలు ఏరుకుని, బట్టలు ఉతికి బతుకుతుండేది. ఆమె అసలు పేరు కికిసోబ్లు. తెల్లవాళ్ళు ప్రిన్సెస్ ఏంజలీన్ అనేవారు. ఏ నాయకుడి పేరు ఈ నగరానికి పెట్టారో, ఆ చీఫ్ సియాటిల్ కూతురు ఆమె. 1865లోనే నేటివ్ అమెరికన్లు ఈ ఊళ్ళో నివసించకూడదని పట్టణ పాలకులు చట్టం చేశారు. అయినా ఆమె కదలకుండా తన గుడిసెలోనే ఉండిపోయింది. కర్టిస్ ఆమెకు ఫొటోకు ఒక డాలరు చొప్పున ఇచ్చి ఫొటోలు తీశాడు. రోజంతా ఆల్చిప్పలు ఏరడం కన్నా ఫొటోకు కూర్చోవడమే నయమని ఆమెకు అనిపించిందట. ఆమె 1896లో చనిపోయింది. కర్టిస్ తీసిన మొదటి నేటివ్ అమెరికన్ ఫొటోల్లో ఇవీ ఉన్నాయి.

కొండ మీద దొరికిన దారి

1898లో మౌంట్ రేనియర్ మీద దారి తప్పిన ఒక బృందానికి కర్టిస్ సాయం చేశాడు. వాళ్ళలో జార్జ్ బర్డ్ గ్రినెల్ అనే పండితుడు, హార్ట్ మెరియమ్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆ పరిచయంతోనే 1899లో రైల్వే కోటీశ్వరుడు హారిమన్ అలాస్కాకు నడిపిన యాత్రకు కర్టిస్ ఫొటోగ్రాఫర్‌గా వెళ్ళాడు. 1900లో గ్రినెల్ ఆయన్ని మొంటానాలో పీగన్ తెగ వాళ్ళ సన్ డాన్స్ చూడటానికి తీసుకెళ్ళాడు. వందల గుడారాలు, రోజుల తరబడి సాగే పూజ. ఇవన్నీ కొద్దికాలంలో మాయమైపోతాయి, పోకముందే ఫొటోలు తీసి దాచాలి అన్న ఆలోచన కర్టిస్‌కు అక్కడే గట్టిపడింది.

1904లో ఒక పత్రిక పెట్టిన పిల్లల ఫొటోల పోటీలో బహుమతి రావడంతో ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్వెల్ట్ పిల్లల ఫొటోలు తీసే అవకాశం వచ్చింది. ఆ పరిచయం బలంతో 1906లో బ్యాంకర్ జె.పి. మోర్గాన్ దగ్గరికి వెళ్ళాడు. మోర్గాన్ ముందు కుదరదన్నాడు. ఫొటోలు చూశాక మనసు మార్చుకుని ఏడాదికి 15 వేల చొప్పున ఐదేళ్ళకు 75 వేల డాలర్లు ఇస్తానన్నాడు. అయితే ఆ డబ్బు ప్రయాణాలకే. కర్టిస్‌కు జీతం లేదు. పుస్తకాలు అమ్ముకుని మిగిలింది చూసుకోవాలి.

అలా మొదలైంది ది నార్త్ అమెరికన్ ఇండియన్. 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు. 80కి పైగా తెగలు, సుమారు 40 వేల నెగెటివ్‌లు, మైనపు సిలిండర్ల మీద దాదాపు 10 వేల పాటల, మాటల రికార్డింగులు. బరువైన గాజు పలకలు, గుడారాలు, రికార్డింగు పెట్టె బండి మీద వేసుకుని ఎడారుల్లో, మంచులో తిరిగాడు. వచనంలో ఎక్కువ భాగం విలియం మయర్స్ అనే సహాయకుడు రాశాడు.

ఫొటోలో ఉన్నది, లేనిది

ఇక అసలు విషయం. ఫొటోకు నిలబెట్టడం దానంతటది తప్పు కాదు. మన పెళ్ళిళ్ళలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఫొటోగ్రాఫర్ ఒక్క నిమిషం ఆగమని, చెయ్యి అలాగే ఉంచమని అడుగుతాడు. పురోహితుడు కూడా ఆగుతాడు. పెళ్ళి మాత్రం నిజమే కదా! కర్టిస్ కాలంలో కెమెరాలు నెమ్మది, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. కాబట్టి మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టక తప్పదు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

రెండో మెట్టు వేరు. కర్టిస్ తిరిగిన రోజుల్లో చాలా తెగల వాళ్ళు అప్పటికే చొక్కాలు, ప్యాంట్లు వేసుకుంటున్నారు. కుట్టుమిషన్లు, బళ్ళు, టోపీలు, గొడుగులు వాళ్ళ బతుకులో భాగమైపోయాయి. కర్టిస్ అవి ఫొటోలో పడకుండా చూసేవాడు. పాత బట్టలు తొడుక్కోమనేవాడు, లేకపోతే తానే సమకూర్చేవాడు. యుద్ధాలు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయినా యుద్ధానికి బయల్దేరుతున్న గుంపులుగా మనుషుల్ని గుర్రాల మీద నడిపించి ఫొటోలు తీశాడు. కింద రాసిన వివరణ మాత్రం అది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది.

మూడో మెట్టు ఇంకా వేరు. 1910లో పీగన్ గుడారంలో లిటిల్ ప్లూమ్ అనే పెద్దమనిషి, ఆయన కొడుకు ఎల్లో కిడ్నీ కూర్చుని ఉండగా కర్టిస్ ఒక ఫొటో తీశాడు. ఇద్దరి మధ్య నేల మీద ఒక అలారం గడియారం ఉంది. 1911లో వచ్చిన ఆరో సంపుటంలో అదే ఫొటో అచ్చయింది, గడియారం లేదు! నెగెటివ్ మీద దాన్ని చెరిపేశారు. 1982లో క్రిస్టఫర్ లైమన్ అనే పరిశోధకుడు ఇలాంటివన్నీ ఏరి ఒక పుస్తకంగా వేసేదాకా మామూలు పాఠకులకు ఈ సంగతి పెద్దగా తెలియదు. చిత్రమేమిటంటే అదే 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం కోసం కంప్యూటరుతో పిరమిడ్లను దగ్గరికి జరిపి విమర్శల పాలైంది. ఇప్పుడు మన ఫోనులోనే వేలితో నొక్కితే వెనక ఉన్న మనిషి మాయమవుతాడు. పనిముట్టు మారింది కానీ కర్టిస్ చేసిన పని మారలేదు.

దీనికి ఆయన ఇంట్లోనే ఒక పోలిక దొరుకుతుంది. ఎడ్వర్డ్ తమ్ముడు ఆసహెల్ కర్టిస్ కూడా పేరున్న ఫొటోగ్రాఫరే. 1897లో క్లాండైక్ బంగారం వేటకు జనం పరుగులు పెడుతుంటే, అతను కష్టపడి అక్కడికి వెళ్ళి ఫొటోలు తీశాడు. 1898లో ఒక పెద్ద పత్రికలో అవి అన్నగారి పేరు మీద వచ్చాయి. అన్నదమ్ములు జన్మలో మళ్ళీ కలవలేదు. 1910లో నియా బే దగ్గర మకా తెగ వాళ్ళు తిమింగలాన్ని ఒడ్డుకు చేర్చినప్పుడు ఆసహెల్ తీసిన ఫొటోల్లో మామూలు పనిబట్టల్లో ఉన్న జనం కనిపిస్తారు. 1915లో ఎడ్వర్డ్ అదే తెగలో ఒక వేటగాణ్ణి జంతుచర్మం కప్పించి, చేతికి ఈటె ఇచ్చి, సముద్రం ముందు ఒంటరిగా నిలబెట్టాడు. చూడటానికి రెండోదే గొప్పగా ఉంటుంది. పోస్టర్ల మీదికి ఎక్కింది కూడా అదే. ఆ రోజుల్లో మకా వాళ్ళు ఎలా బతికారో తెలియాలంటే మాత్రం మొదటిదే చూడాలి.

దీనివల్ల ఎవరికేం నష్టం అని అడగొచ్చు. 1887లో వచ్చిన డాస్ చట్టం తర్వాత 1934 నాటికి నేటివ్ అమెరికన్ల చేతిలో ఉన్న భూమి 13.8 కోట్ల ఎకరాల నుంచి 4.8 కోట్ల ఎకరాలకు పడిపోయింది. పిల్లల్ని దూరంగా బోర్డింగ్ స్కూళ్ళకు తీసుకుపోయి జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వలేదు. ప్రభుత్వమే సన్ డాన్స్ లాంటి వాటిని నేరాల జాబితాలో పెట్టింది. ఇవేవీ కర్టిస్ ఫొటోల్లో కనిపించవు. మొదటి సంపుటంతో వచ్చిన పెద్ద చిత్రాల్లో మొట్టమొదటిది, చీకట్లోకి వెళ్ళిపోతున్న నావహో గుర్రపు రౌతులది. 1904లో తీసిన ఆ ఫొటోకు అంతరించిపోతున్న జాతి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే సూర్యాస్తమయంలా మాయమవుతున్నారని చూసేవాళ్ళు అనుకుంటే, భూమి ఎవరు తీసుకున్నారన్న ప్రశ్న ఎవరికీ రాదు. గడియారం చెరపడం చిన్న విషయంలా ఉంటుంది కానీ, గడియారం ఉన్నవాడు మనతోపాటే ఈ కాలంలో బతుకుతున్నాడు. అది లేనివాడు గతానికి చెందినవాడు.

అచ్చు వేయని నిజం

ఒక సందర్భంలో మాత్రం కర్టిస్ నిజం కోసం చాలా దూరం వెళ్ళాడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ సేన మొత్తం నశించింది. 1907లో కర్టిస్ ఆ యుద్ధంలో కస్టర్‌కు దారి చూపిన క్రో తెగ వాళ్ళు ముగ్గురితో కలిసి ఆ నేలంతా నడిచాడు. క్రో తెగకే చెందిన అలెగ్జాండర్ అప్షా దుబాసీగా ఉన్నాడు. తోటి అధికారి రీనో సేన చిక్కుల్లో పడి ఉంటే కస్టర్ ఎత్తు మీదినుంచి చూస్తూ సాయానికి వెళ్ళలేదని ఆ ముగ్గురూ చెప్పారు. జాతీయ వీరుడి మీద ఇంత మాట! కర్టిస్ రూజ్వెల్ట్‌కు రాస్తే, అన్నేళ్ళ తర్వాతి జ్ఞాపకాలతో జాగ్రత్త అన్న ధోరణిలో జవాబొచ్చింది. ఆ భాగాన్ని కర్టిస్ సంపుటంలో వేయలేదు. ఫొటోలో లేనిది చేర్చినవాడు, విన్నది మాత్రం పుస్తకంలోంచి తీసేశాడు. రెండింటికీ కారణం ఒకటే అనిపిస్తుంది నాకు. పుస్తకం కొనేవాళ్ళకు ఏది నచ్చుతుందో ఆయనకు బాగా తెలుసు.

సినిమా, ఒక కుర్ర దర్శకుడు

1914లో కర్టిస్ ఒక సినిమా తీశాడు. పేరు ఇన్ ద ల్యాండ్ ఆఫ్ ద హెడ్ హంటర్స్. కెనడా పశ్చిమ తీరంలో క్వాక్వకావాక్వ ప్రజలే నటులు. వాళ్ళలో ఒకడిగా పెరిగిన జార్జ్ హంట్ ఈ పనిలో కుడిభుజంగా నిలిచాడు. మగవాళ్ళకు విగ్గులు పెట్టారు, చెట్టు బెరడుతో నేసిన బట్టలు కట్టించారు, ఎప్పుడో ఆగిపోయిన తలల వేట కథ అల్లారు. విమర్శకులు మెచ్చుకున్నారు కానీ డబ్బు రాలేదు. 1924లో కర్టిస్ దాన్ని న్యూయార్క్ మ్యూజియమ్‌కు 1,500 డాలర్లకు అమ్మేశాడు.

ఇక్కడ కథ అంత సూటిగా లేదు. ఆ రోజుల్లో కెనడా చట్టం ఆ ప్రజల పాట్లాచ్ వేడుకల్ని నిషేధించింది. 1885 నుంచి 1951 వరకు ఆ నిషేధం ఉంది. కర్టిస్ నాటకం పేరు చెప్పి వాళ్ళు తమ నృత్యాలు, ముసుగులు, పడవలు బయటికి తీయగలిగారు. కథ కల్పితమైనా నాట్యం కల్పితం కాదు. 1973లో ఆ సినిమాను మళ్ళీ కూర్చినప్పుడు నటుల వారసులు పాటలు పాడి శబ్దం జోడించారు. అందుకే వాళ్ళు దాన్ని కర్టిస్ సినిమాగా కన్నా తమ తాతల సినిమాగా చూస్తారు.

1915లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే ముప్పై ఒక్కేళ్ళ కుర్రవాడు న్యూయార్క్‌లో కర్టిస్‌ను కలిసి ఆ సినిమా చూశాడు. ఏడేళ్ళ తర్వాత 1922లో అతను తీసిన నానూక్ ఆఫ్ ద నార్త్ ప్రపంచమంతా ఆడింది. అందులో నానూక్ అసలు పేరు అల్లకారియాలక్. తుపాకులు వాడే మనుషుల చేత ఈటెలతో వేటాడించారు. లోపల కెమెరాకు వెలుతురు చాలక మంచు ఇల్లు సగం కోసేసి తీశారు. 1926లో డాక్యుమెంటరీ అన్న మాటను ఫ్లాహెర్టీ తర్వాతి సినిమా గురించి రాస్తూ గ్రియర్సన్ అనే విమర్శకుడు వాడాకే అది ప్రచారంలోకి వచ్చింది. అంటే డాక్యుమెంటరీ అన్న పేరు వచ్చేసరికే, సీను కట్టి తీయడం అందులో కలిసిపోయి ఉంది!

చివరి రోజులు

ఈ పని కర్టిస్ సంసారాన్ని తినేసింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంట్లో ఉండేవాడు కాదు. స్టూడియో, నలుగురు పిల్లలు క్లారా మీదే. 1916లో ఆమె విడాకులకు కోర్టుకెళ్ళింది. స్టూడియో ఆమెకు దక్కింది. ఆమె చేతికి పోకూడదని కర్టిస్, పెద్ద కూతురు బెత్ కలిసి గాజు నెగెటివ్‌లు చాలా పగలగొట్టారని చెబుతారు. అంతరించిపోకుండా దాచాలని తీసినవి ఆయన చేతుల్లోనే పోయాయి.

తర్వాత లాస్ ఏంజిలస్ వెళ్ళి హాలీవుడ్‌లో పనిచేశాడు. 1923లో వచ్చిన డెమిల్ సినిమా టెన్ కమాండ్‌మెంట్స్‌కు కూడా పని చేశాడు. 1927లో అలాస్కా నుంచి తిరిగొస్తుంటే భరణం బాకీ కింద సియాటిల్‌లో అరెస్టు చేశారు. 1930లో చివరి సంపుటం వచ్చేసరికి దేశం ఆర్థికమాంద్యంలో ఉంది. 500 సెట్లు అమ్ముదామనుకుంటే 300 కూడా పోలేదు. 1935లో మోర్గాన్ కుటుంబం మిగిలిన సెట్లు, రాగి పలకలు, వేల ప్రింట్లు అన్నీ ఒక బోస్టన్ పుస్తకాల వ్యాపారికి వెయ్యి డాలర్లకు, కొంత రాయల్టీకి ఇచ్చేసింది. 1952 అక్టోబరు 19న కర్టిస్ తన 84వ ఏట కూతురి ఇంట్లో కన్నుమూశాడు. న్యూయార్క్ టైమ్స్ వేసిన వార్త 76 మాటలు. 1970లలో ఆ బోస్టన్ నేలమాళిగలోంచి సరుకు బయటపడ్డాక మళ్ళీ పేరొచ్చింది. 2012లో న్యూయార్క్‌లో ఒక పూర్తి సెట్టు 14 లక్షల డాలర్లకు పైగా పలికింది.

తర్వాతి తరం ఏం చేసింది

కర్టిస్ ప్రభావం రెండు రకాలుగా పనిచేసింది. కొందరు ఆయన్ని అనుకరించారు. ఇప్పటికీ ఏ దేశంలోనైనా కెమెరా పట్టుకుని కొండజాతుల దగ్గరికి వెళ్ళే కుర్రాళ్ళు సెల్‌ఫోను పక్కన పెట్టించి, ప్లాస్టిక్ బిందె జరిపించి, అవతల ఉన్న మోటార్ సైకిల్ ఫ్రేములో రాకుండా పక్కకి వంగుతారు. వాళ్ళలో కర్టిస్ పేరు తెలియనివాళ్ళే ఎక్కువ. అయినా వాళ్ళు తీసేది కర్టిస్ ఫొటోనే.

ఇంకొందరు ఎదురుతిరిగారు. ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1907 నుంచి రెండేళ్ళు కర్టిస్ స్టూడియోలో పనిచేసి ప్లాటినమ్ ప్రింటింగ్, రీటచింగ్ నేర్చుకుంది. 1932లో ఆవిడే ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్‌లతో కలిసి ఎఫ్/64 బృందం పెట్టింది. ఫొటోను పెయింటింగులా కనపడేలా మార్చకూడదు, లెన్సు చూసింది స్పష్టంగా అచ్చెయ్యాలి అన్నది వాళ్ళ సిద్ధాంతం.

ఓక్లహోమాలో కయోవా తెగకు చెందిన హొరేస్ పూలా తనవాళ్ళని కార్లతో, సైనిక దుస్తులతో, ఈకల టోపీలతో ఎలా ఉంటే అలా తీశాడు. 1944లో ఒక బాంబర్ విమానంలో ఈకల టోపీ పెట్టుకుని కెమెరా పట్టుకున్న ఆయన ఫొటో ఒకటుంది. అందులో ఈకలు నిజం, విమానమూ నిజమే. సియాటిల్ అమ్మాయి మటీకా విల్బర్ స్వినోమిష్, టులాలిప్ తెగలకు చెందినది. 2012లో ఇల్లూ వాకిలీ వదిలి కారులో దేశమంతా తిరుగుతూ తెగలన్నిటి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ప్రభుత్వం అప్పట్లో గుర్తించిన తెగల సంఖ్యనే పేరుగా పెట్టుకున్న ఆ ప్రాజెక్ట్ 562 పుస్తకం 2023లో వచ్చింది. అందులో డాక్టర్లు, టీచర్లు, విద్యార్థులు ఉంటారు. నావహో ఫొటోగ్రాఫర్ విల్ విల్సన్ 2012 నుంచి కర్టిస్ నాటికన్నా పాత పద్ధతిలో లోహపు పలక మీద ఫొటోలు తీస్తున్నాడు. ఎలా కూర్చోవాలో, ఏం వేసుకోవాలో ఎదుటివాళ్ళే నిర్ణయించుకుంటారు. అసలు పలక వాళ్ళకే ఇచ్చేసి, డిజిటల్ కాపీ మాత్రం తాను ఉంచుకుంటాడు. ఇవీ కూర్చోబెట్టి తీసినవే. తేడా అల్లా ఎవరు కూర్చోబెట్టారన్నదే.

1900 జనాభా లెక్కల్లో నేటివ్ అమెరికన్లు సుమారు 2 లక్షల 37 వేలు. 2020 లెక్కల్లో మిశ్రమ కుటుంబాలతో కలిపి 97 లక్షలు. అంతరించిపోతున్న జాతి అన్న కర్టిస్ అంచనా తప్పింది.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యలేం. ముత్తాత మొహం చూడాలంటే కర్టిస్ ఫొటో తప్ప ఇంకోటి లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆయన మైనపు సిలిండర్లు ఇప్పుడు భాషలు, పాటలు తిరిగి నేర్చుకునేవాళ్ళకు పనికొస్తున్నాయి. మొహాలు నిజం, పేర్లు చాలావరకు నిజం, గొంతులు నిజం. అబద్ధం ఆ ఫొటోలు ఏ కాలానివని చెప్పాయో అందులో ఉంది. ఇది పాత పద్ధతిని గుర్తు చేసుకుని తీసింది అన్న ఒక్క వాక్యం ప్రతి ఫొటో కింద ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

ఈ రోజుల్లో మన పిల్లలు స్కూల్లో థాంక్స్‌గివింగ్ ప్రాజెక్టు కోసం నెట్‌లో వెతికితే మొదట కనిపించేవి ఈ గోధుమ రంగు ఫొటోలే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో గడియారం ఉన్న లిటిల్ ప్లూమ్ ఫొటో ఉంది. గడియారం లేనిదీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టమని పిల్లల్ని అడగండి. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత వాళ్ళు ఏ ఫొటో చూసినా అందులోంచి ఏం తీసేశారో అని అడగడం నేర్చుకుంటారు.